కౌలు రైతు రుణం: చిక్కంతా 2019 నాటి సంతకంలోనే

కౌలు రైతుకు బ్యాంకు రుణం ఇవ్వడానికి భూయజమాని సంతకం ఉండి తీరాలా? ఆంధ్రప్రదేశ్‌లో ఈ వాదన మళ్లీ రాజుకుంది. 1956 నాటి కౌలుదారీ చట్టం కాగితాలకే పరిమితమైన సంగతి అందరికీ తెలిసిందే. నేటి పేచీకి మూలం 2019లో ఉంది.

అంతకు ముందు అమల్లో ఉన్నది 2011 చట్టం. సాగుదారు దరఖాస్తు చేస్తే రెవెన్యూ సిబ్బంది విచారించి, ఏడాది గడువుతో రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. యజమాని రాతపూర్వక అంగీకారం షరతు కాదు. కార్డు వల్ల భూమిపై ఏ హక్కూ రాదని చట్టమే స్పష్టం చేసింది. కార్డులు అందుకున్నవారిలోనూ బ్యాంకు గడప దాటి రుణం తెచ్చుకున్నవారు కొద్దిమందే, నిజమే. అయినా పొలం దున్నుతున్నది ఎవరో ఊరికి తెలుసునని, ఆ సాక్ష్యం చాలునని ఆ చట్టం గుర్తించింది.

2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ఆ సాక్ష్యాన్ని పక్కన పెట్టింది. 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం చేస్తేనే సాగుదారుకు హక్కు పత్రం. ఒప్పందం రాతలో ఉంటే భూమి చేజారుతుందన్న యజమానుల భయం పోతుందని అప్పటి ప్రభుత్వం చెప్పింది.

భయం పోలేదు. పైగా చాలాచోట్ల యజమాని అప్పటికే తన పాసుపుస్తకం మీద పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒకే సర్వే నంబరు మీద రెండో రుణానికి బ్యాంకు ఒప్పుకోదు. పంట నష్టపరిహారం ఎవరి ఖాతాలో పడాలన్న తగువు సరేసరి. గట్టిగా అడిగితే వచ్చే ఏడాది పొలం మరొకరి చేతికి పోతుంది. అందుకే చాలామంది సంతకం మాటే ఎత్తరు.

అలవాటు కొద్దీ రైతులు ప్రైవేటు అప్పులకు వెళ్తారనే మాట అన్యాయం. 3 లక్షల రూపాయల లోపు పంట రుణాన్ని గడువులోగా తీర్చేవారికి కేంద్రం వడ్డీ రాయితీ పోను పడేది 4 శాతం. బయట నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మొదటిది దొరికితే రెండోదాన్ని కోరుకునేవారెవరు? ఎరువుల దుకాణంలో ఖాతా పెట్టుకున్నాక ఏ విత్తనం వేయాలో, ఏ మందు కొట్టాలో దుకాణదారే చెబుతాడు. అప్పిచ్చినవాడే పంట కొనేవాడైతే ధర కోసం ఆగే వీలూ ఉండదు. మిర్చి, పత్తి పొలాలకు కౌలు ముందే చెల్లించాల్సిన చోట విత్తనం పడకముందే అప్పు మొదలవుతుంది. ఆ అప్పు తీర్చగలదనిపించే పంటనే, అది ఎంత ప్రమాదకరమైనదైనా, రైతు ఎంచుకుంటాడు.

పూచీకత్తు లేని వ్యవసాయ రుణ పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి నుంచి 2 లక్షల రూపాయలకు పెంచింది. ఆ మేరకు భూమి తనఖా ప్రసక్తే లేదు. సాగు చేస్తున్నది ఎవరో తేలితే చాలు. సంతకంతో పని లేకుండా కార్డులివ్వాలని కౌలు రైతుల సంఘాలు అడుగుతున్నది అందుకే.