నటులు డాక్యుమెంటరీ తీస్తే: అపోహలు – వాస్తవాలు

నటన నుంచి డాక్యుమెంటరీకి రావడం కొత్తేమీ కాదు. ‘రంగుల కల’ (1983) డైరెక్ట్ చేసి, అందులో ప్రధాన పాత్ర కూడా వేసిన బి. నర్సింగరావు ఆ తర్వాత ‘మా ఊరు’ డాక్యుమెంటరీ తీశారు. కెనడాలో చిన్నప్పటి నుంచీ నటిస్తూ వచ్చిన సారా పోలీ 2012లో తన కుటుంబం మీదే ‘స్టోరీస్ వి టెల్’ తీసింది. అయినా సెట్ మీద అబ్బిన అలవాట్లలో ఏది పనికొస్తుందో, ఏది అడ్డమొస్తుందో కొత్తగా వచ్చే నటీనటులు సరిగ్గా తలకిందులుగా అనుకుంటారు.

అపోహ: తెలిసిన ముఖమైతే జనం తేలిగ్గా మాట్లాడతారు.

వాస్తవం: మాట్లాడతారు, కాకపోతే సినిమావాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడతారు. మామూలు యాస పోయి టీవీ తెలుగు వస్తుంది, అప్పుల గురించి చెప్పాల్సిన మనిషి మీ పాత సినిమా గురించి చెప్తాడు. చుట్టూ మూగిన పిల్లల కేకలు మైక్‌లో పడి ఆ గంట రికార్డింగ్ మొత్తం దండగవుతుంది. అందుకే మొదటి రెండు మూడు సార్లు ఆ ప్రాంతం మనిషినో, రీసెర్చర్‌నో పంపాలి. తర్వాత మీరు కెమెరా లేకుండా వెళ్ళి కూర్చోండి, సెల్ఫీలన్నీ ఆ రోజే అయిపోతాయి. షూటింగ్‌కి కెమెరా, సౌండ్, మీరు: ముగ్గురు చాలు. నాలుగో మనిషి వచ్చాడంటే ఆ ఇంట్లో టీ, టిఫిన్ల హడావుడి మొదలవుతుంది, చెప్పాల్సిన ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

అపోహ: నటన తెలుసు కాబట్టి ఎదుటివాళ్ళ చేత చెప్పించడం సులువు.

వాస్తవం: నటుడికి ‘వన్ మోర్’ ఊపిరి లాంటిది, డాక్యుమెంటరీకి అదే విషం. రెండోసారి చెప్పమంటే ఎవరైనా కుదించి చెప్తారు. పైగా “ఇందాక చెప్పాను కదండీ” అని మొదలుపెడతారు. ప్రేక్షకుడు ఆ ‘ఇందాక’ వినలేదు, కాబట్టి ఆ ముక్క ఎడిటింగ్‌లో దేనికీ అతకదు. తప్పనిసరైతే అదే ప్రశ్న అడక్కండి. ఇంకో వైపు నుంచి, వీలైతే ఇంకో రోజు అడగండి.

ప్రశ్న వేసే తీరులోనే సగం పని ఉంది. “వరదలో ఇల్లు పోయిందా?” అంటే “పోయిందండీ” అన్న ఒక్క మాట వస్తుంది. “ఆ రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పమ్మా” అంటే కథ వస్తుంది. చెప్పడం ఆపాక నాలుగైదు సెకన్లు మీరేమీ మాట్లాడకండి. అసలు మాట చాలాసార్లు ఆ ఖాళీలోనే వస్తుంది.

మన దగ్గర ఇంకో చిక్కు ఊఁ కొట్టడం. మన ఇళ్ళలో ఊఁ కొట్టకపోతే చెప్పేవాళ్ళు ఆగిపోతారు, కొడితే అది వాళ్ళ మాటల మీద పడి ఎడిటింగ్‌లో కోత పెట్టడానికి చోటుండదు. “నేను తల ఊపుతాను, గొంతు కలపను, ఏమీ అనుకోకండి” అని ముందే చెప్పండి. కళ్ళతో, తలతో స్పందించడం నటులకు బాగా వచ్చు. సెట్ నుంచి నిజంగా పనికొచ్చే నైపుణ్యం ఇదే.

అపోహ: ఖరీదైన కెమెరా ఉంటే సగం సినిమా అయిపోయినట్టే.

వాస్తవం: బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. సినిమాల్లో డబ్బింగ్ అలవాటైనవాళ్ళు లొకేషన్ సౌండ్‌ని తేలిగ్గా తీసుకుంటారు. ఇక్కడ డబ్బింగ్ థియేటర్ మిమ్మల్ని కాపాడదు. కాలర్ మైక్ ఒకటి, బూమ్ (పొడవాటి కర్ర) మీద షాట్‌గన్ మైక్ (ఎదురుగా వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) ఒకటి, రెండూ వేరువేరు ట్రాకుల్లో, రికార్డర్ సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టి రికార్డు చేయండి. గట్టిగా మాట్లాడినప్పుడు కూడా రికార్డర్ మీటర్‌లో లెవెల్ మైనస్ 12 డీబీ (డెసిబెల్) దాటకుండా చూసుకోండి. పట్టుచీర, గంజి పెట్టిన ఖద్దరు మైక్‌కి తగిలితే గరగర వస్తుంది. మైక్‌ని టేప్‌తో బట్టకి అంటించి, కింద వైరుని చిన్న చుట్టగా వదలండి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపించాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ కారు తాళాలు అందులో పెట్టండి, తిరిగి ఆన్ చేయకుండా వెళ్ళలేరు. అందర్నీ కదలకుండా నిలబెట్టి గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకోండి. ఎడిటర్ ఇంటర్వ్యూలోని అతుకులు కప్పేది దానితోనే.

కెమెరా విషయంలో ఒక్కటి గుర్తుంటే చాలు: మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకి 25 ఫ్రేములు, షటర్ 1/50 పెట్టండి. 30 ఫ్రేములు, 1/60 పెడితే ట్యూబులైట్ కింద బొమ్మ అలలు అలలుగా కొట్టుకుంటుంది, తర్వాత దాన్ని పోగొట్టడం మహా కష్టం.

అపోహ: గొంతు బాగుంది, వ్యాఖ్యానం నేనే చెప్పేస్తాను.

వాస్తవం: తర్ఫీదు పొందిన గొంతు ప్రకటనలా వినిపించే ప్రమాదం ఎక్కువ. ముందు వ్యాఖ్యానం లేకుండా రఫ్ కట్ (మొదటి చిత్తు ఎడిటింగ్) చేసి, కథ అర్థం కాని చోట మాత్రమే రాయండి. ‘స్టోరీస్ వి టెల్’ వ్యాఖ్యానాన్ని సారా పోలీ తన తండ్రి చేత స్టూడియోలో చదివించింది. ఆయనా నటుడే. ఫలానా వాక్యం మళ్ళీ చదవమని ఆయన్ని అడగడం కూడా సినిమాలో ఉంచేసింది. అదే సినిమాలో నిజమైన ఇంటి వీడియోలతో పాటు, నటులతో సూపర్ 8 ఫిల్మ్ (పాతకాలం ఇంటి కెమెరాల్లో వాడే సన్న ఫిల్మ్) మీద తీసిన దృశ్యాలూ ఉన్నాయి. అవి కల్పించినవని సినిమాలోనే తెలిసిపోతుంది. ఆ దాపరికం లేనితనం లేకపోతే, జరిగినదాన్ని నటులతో మళ్ళీ తీయడం మోసం కిందికి వస్తుంది.

అపోహ: పాత సినిమా పాట పది సెకన్లయితే అనుమతి అక్కర్లేదు. నేను నటించిన క్లిప్పయితే అసలే అక్కర్లేదు.

వాస్తవం: పది సెకన్ల లెక్క మన కాపీరైట్ చట్టంలో ఎక్కడా లేదు. సెక్షన్ 52 కింద విమర్శ, సమీక్ష లాంటి వాటికి న్యాయమైన వాడకానికి వీలుంది. దృశ్యాన్ని చర్చిస్తూ చూపడం వేరు, ఖాళీ నింపడానికి అతికించడం వేరు. మీరు నటించిన సినిమా అయినా హక్కులు సాధారణంగా నిర్మాతవో, ఆయన దగ్గర కొన్నవాళ్ళవో.

పాత సినిమాలైతే మరీ తికమక. సినిమాకి, సౌండ్ రికార్డింగ్‌కి కాపీరైట్ విడుదల తర్వాత 60 ఏళ్ళు. ఆ లెక్కన 1957 నాటి ‘మాయాబజార్’ గడువు 2017 చివర తీరింది. పాటల సాహిత్యానికి మాత్రం రచయిత మరణం తర్వాత 60 ఏళ్ళు. పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు కాబట్టి ఆయన మాటలు 2031 చివరి దాకా రక్షణలోనే ఉంటాయి. రంగులు వేసి 2010లో విడుదల చేసిన ప్రింటు సంగతి మళ్ళీ వేరు. ఇంటర్వ్యూ మధ్యలో మోగే సినిమా పాట రింగ్‌టోన్ కూడా ఇదే తలనొప్పి తెస్తుంది, ఫోన్లు ముందే ఆపించండి.

అనుమతి పత్రం తెలుగులోనే రాయించండి. చదవలేనివాళ్ళకి చదివి వినిపించి, ఒప్పుకోలు కెమెరా ముందు చెప్పించుకోండి.

అపోహ: డాక్యుమెంటరీకి సెన్సార్ ఉండదు.

వాస్తవం: హాల్లో ప్రజలకు వేస్తే సర్టిఫికెట్ కావాలి, నిడివితో సంబంధం లేదు. హైదరాబాద్‌లో సెన్సార్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఉంది. ఫెస్టివల్ ప్రదర్శనకి కేంద్ర సమాచార, ప్రసార శాఖ మినహాయింపు ఇస్తుంది. ఓటీటీ, యూట్యూబ్‌లకు సెన్సార్ సర్టిఫికెట్ అవసరం లేదు, వాటికి 2021 ఐటీ నియమాలు వర్తిస్తాయి.

అపోహ: తీసేస్తే ఓటీటీ వాళ్ళు కొనేస్తారు.

వాస్తవం: ఆ ఆశతో అప్పు చేయకండి. ఖర్చు షూటింగ్‌లో కంటే ఎడిటింగ్ టేబుల్ దగ్గర పెరుగుతుంది. సెకనుకి 100 మెగాబిట్ల 4కె ఫుటేజీ గంటకి 45 జీబీ. గంట సినిమాకి 40 గంటలు తీస్తే 1.8 టీబీ, మూడు కాపీలంటే 5.4. ఆ మూడింటిలో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. గంట ఇంటర్వ్యూని రాసుకోవడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఆ జీతం ముందే బడ్జెట్‌లో వేయండి. గ్రాంట్లకి బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఇడ్ఫా (డాక్యుమెంటరీ ఫెస్టివల్) వాళ్ళ బర్తా ఫండ్ లాంటివి చూడండి. విదేశీ డబ్బయితే సంతకం పెట్టే ముందే ఆడిటర్‌ని కలవండి. ముంబైలో మిఫ్ (ముంబై ఇంటర్నేషనల్ ఫిల్మ్ ఫెస్టివల్), తిరువనంతపురంలో కేరళ డాక్యుమెంటరీ ఫెస్టివల్ మనకు దగ్గరివి. చాలా పెద్ద ఫెస్టివళ్ళు ప్రీమియర్ తమ దగ్గరే జరగాలంటాయి, కాబట్టి అవి తేలేదాకా సినిమా యూట్యూబ్‌లో పెట్టకండి.

అపోహ: నటన పూర్తిగా మానేయాలి.

వాస్తవం: చాలామందికి ఇంటి అద్దె కట్టేది నటనే, మానేయడం తెలివితక్కువ. ఇబ్బందల్లా డేట్లతోనే. కోతలు, జాతర, కోర్టు వాయిదా మీ షెడ్యూల్ కోసం ఆగవు. అందుకని మీరు లేకపోయినా షూట్ చేయగల కెమెరామన్‌ని మొదటి రోజు నుంచే కలుపుకోండి, ఆ మనుషులకి అతనూ అలవాటవుతాడు. పాత్ర కోసం గడ్డం పెంచే నటుడైతే తను కెమెరా ముందుకు రాకపోవడమే మంచిది, లేకపోతే ఒకే సంభాషణలో మూడు ముఖాలు కనిపిస్తాయి. సీరియల్ అగ్రిమెంట్లలో వేరే ఏ కార్యక్రమంలోనూ కనిపించకూడదన్న షరతు ఉంటే, సంతకానికి ముందే ‘సొంత డాక్యుమెంటరీ మినహా’ అన్న మాట రాయించుకోండి.