పుట్టుక, పదిహేనేళ్లు, కన్నడం: ‘స్థానికుడు’ అన్న మాట వెనక నూరేళ్లు

2024 జూలై 15న కర్ణాటక మంత్రివర్గం ఒక బిల్లును ఆమోదించింది. ప్రైవేటు పరిశ్రమల్లో, కర్మాగారాల్లో, ఐటీ కంపెనీల్లో మేనేజ్‌మెంట్ స్థాయి ఉద్యోగాలు 50 శాతం, ఆ కింది ఉద్యోగాలు 70 శాతం స్థానికులకే ఇవ్వాలన్నది దాని సారం. సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం నాస్కామ్ అభ్యంతరం చెప్పింది, పరిశ్రమల పెద్దలు గొంతెత్తారు. 17వ తేదీకల్లా బిల్లును పక్కన పెట్టారు. చర్చంతా శాతాల చుట్టూ తిరిగింది కానీ, బెంగళూరు తెలుగువాళ్లకు అసలు ప్రశ్న వేరు: మేం లోకల్ కిందికి వస్తామా, రామా?

బిల్లులో స్థానికుడికి మూడు షరతులు. కర్ణాటకలో పుట్టాలి, పదిహేనేళ్లు ఇక్కడ స్థిరనివాసం ఉండాలి, కన్నడం మాట్లాడటం, చదవటం, రాయటం రావాలి. హైస్కూలు సర్టిఫికెట్లో కన్నడం ఒక భాషగా లేకపోతే ఈ పని అప్పగించిన నోడల్ సంస్థ పెట్టే పరీక్ష పాసవ్వాలి. ఈ షరతుల మధ్య ఉన్నది ‘లేదా’ కాదు, ‘మరియు’. అందుకే సరిహద్దుకు ఇవతల, కర్ణాటకలోని బాగేపల్లిలో పుట్టి, ఇంట్లో తెలుగే మాట్లాడుతూ కన్నడ బడిలో చదివినవాడు స్థానికుడే. మూడేళ్ల వయసులో హిందూపురం నుంచి అమ్మానాన్నలతో వచ్చి నలభై ఏళ్లుగా బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో పనిచేస్తున్నవాడు, కన్నడం ఎంత బాగా వచ్చినా కాడు. బెంగళూరులో పుట్టి, కన్నడం లేకుండా చదువు ముగించిన ఇంజనీరు మాత్రం పరీక్ష రాసి లోపలికి రావచ్చు.

పదిహేనేళ్లు అన్న లెక్క తెలుగువాళ్లకు కొత్త కాదు. 1919లో నిజాం ఫర్మానా ప్రకారం హైదరాబాద్ సంస్థానంలో ప్రభుత్వ కొలువుకు ముల్కీ, అంటే స్థానికుడు, అయివుండాలి. పుట్టుకతో ముల్కీ కావచ్చు. లేదా పదిహేనేళ్లు నివసించి, సొంతూరికి తిరిగి వెళ్లే ఉద్దేశం లేదని ప్రమాణపత్రం ఇచ్చీ కావచ్చు. బయటినుంచి వచ్చినవాడికి అక్కడ ఒక తలుపు ఉండేది. ఆ పత్రాలే తప్పుడు దారిలో పుట్టుకొస్తున్నాయన్న కోపంతో 1952లో ముల్కీ ఉద్యమం లేచింది, సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. నియమం ఎలా ఉన్నా, ధ్రువపత్రం ఎవరు ఇస్తారు, ఎవరు సరిచూస్తారు అన్నచోటే గొడవ పుడుతుందని అప్పుడే తేలింది.

రాజ్యాంగం ఈ విషయంలో సూటిగా ఉంది. 16(2) అధికరణ ప్రకారం జన్మస్థలం, నివాసం కారణంగా ప్రభుత్వ ఉద్యోగంలో వివక్ష కూడదు. 16(3)లో మినహాయింపు ఉంది, కానీ అది నివాసానికే, పుట్టుకకు కాదు. ఆ మినహాయింపు ఇవ్వగలిగేదీ పార్లమెంటే, శాసనసభ కాదు. ఆ అధికారంతోనే పార్లమెంటు 1957లో చట్టం చేసి, తెలంగాణలో నివాస షరతును కొనసాగించింది. రాష్ట్రం మొత్తానికి షరతు పెట్టవచ్చు గానీ రాష్ట్రంలో ఒక భాగానికి పెట్టకూడదంటూ 1969 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. 1972 అక్టోబరులో అదే కోర్టు, నిజాం నాటి ముల్కీ నిబంధనలు మాత్రం చెల్లుతాయంది. దాంతో ఆంధ్ర ప్రాంతంలో ప్రత్యేక రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం. 1973లో రాజీగా ఆరు సూత్రాల పథకం, దాని కోసం రాజ్యాంగానికి 32వ సవరణ, స్థానికులకు ఉద్యోగాల్లో వాటాకు వీలిచ్చే 371డి అధికరణ. 1975 అక్టోబరులో రాష్ట్రపతి ఉత్తర్వులు. వాటిలో కొలమానం మారింది. పదిహేనేళ్ల బదులు, అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూడాలన్నారు. బడి రికార్డు చేతిలో ఉంటుంది, తనిఖీ తేలిక. అయినా ఉత్తర్వులకు విరుద్ధంగా జరిగిన నియామకాలను సరిదిద్దడానికి 1985 డిసెంబరులో 610 జీవో ఇవ్వక తప్పలేదు. అది అమలు కాలేదన్న ఫిర్యాదు తెలంగాణ ఏర్పడేదాకా నడిచింది.

కర్ణాటక దారి వేరు. అక్కడ ఫిర్యాదు ప్రభుత్వ రంగ సంస్థల దగ్గర మొదలైంది. 1940లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్, 1948లో ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్), 1953లో హెచ్‌ఎంటీ, 1954లో బీఈఎల్, 1964లో బీఈఎంఎల్. నేలా నీళ్లూ ఇక్కడివి, ఉద్యోగాలు మాత్రం బయటివాళ్లకన్న బాధ. 2011 జనగణన నాటికి కూడా బెంగళూరు నగర జిల్లాలో కన్నడం మాతృభాషగా ఉన్నవారు సగానికి తక్కువే, తెలుగువాళ్లు దాదాపు 14 శాతం. ఆ బాధను ఊరికే కొట్టిపారేయడం న్యాయం కాదు. కన్నడానికి అగ్రస్థానం కోరిన 1982 గోకాక్ ఉద్యమం తర్వాత రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం సరోజినీ మహిషి అధ్యక్షతన కమిటీ వేసింది. అది 58 సిఫారసులు చేసింది. ఆ కమిటీ దృష్టిలో పదిహేనేళ్లు ఇక్కడుండి కన్నడం వచ్చినవాడు కన్నడిగుడే. 2024 బిల్లు పుట్టుకను జోడించి ఆ తలుపూ మూసింది.

ఈ మధ్యకాలంలో ప్రభుత్వం నడిచింది సబ్సిడీ దారిలో. 2020-25 పారిశ్రామిక విధానంలోనూ, రాయితీలు కావాలంటే మొత్తం ఉద్యోగాల్లో 70 శాతం, అట్టడుగు స్థాయి గ్రూప్ డిలో 100 శాతం కన్నడిగులకివ్వాలన్న షరతు ఉండేది. రాయితీ అడగని కంపెనీకి ఆ షరతు తగిలేది కాదు.

ప్రైవేటు ఉద్యోగాలకు మొదట చట్టం చేసింది తెలుగువాళ్లే. 2019 జూలైలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 75 శాతం స్థానికులకంటూ చట్టం తెచ్చింది. అర్హులు దొరక్కపోతే మూడేళ్లలో శిక్షణ ఇచ్చి తీసుకోవాలన్న పద్ధతి అందులో ఉంది, అదే కర్ణాటక బిల్లులోనూ కనిపిస్తుంది. 2024లో బెంగళూరు కంపెనీలను విశాఖకు రమ్మని నారా లోకేశ్ ఆహ్వానించినప్పుడు ఈ సంగతి ఎక్కువమంది గుర్తు చేయలేదు, చేసివుండాల్సింది. హర్యానా కూడా నెలకు 30 వేల లోపు జీతాల ఉద్యోగాల్లో 75 శాతమంటూ చట్టం చేసింది. 2023 నవంబరు 17న పంజాబ్-హర్యానా హైకోర్టు దాన్ని కొట్టేసింది. రాజ్యాంగం ప్రభుత్వాన్నే చేయొద్దన్న పనిని, ప్రైవేటు యజమానితో చేయించకూడదన్నది అందులో ముఖ్యమైన కారణం. ఈ తర్కం నిలిస్తే పుట్టుక షరతు నిలవడం కష్టమని నా అభిప్రాయం.

అమలు సంగతి ఇంకా కష్టం. 70 శాతం దేనిలో? బిల్లు కాంట్రాక్టు, క్యాజువల్ కార్మికులనూ కలిపింది. కానీ కట్టుబడి పనిలో హాజరు పట్టీ, అదే మస్టరు, ఉండేది మేస్త్రీ దగ్గర. మేస్త్రీ కింద ఇంకో మేస్త్రీ. కంపెనీ రిజిస్టర్లో వాళ్ల పేర్లే ఉండవు, ఇక లెక్క ఎక్కడినుంచి కడతారు? మరోవైపు ఉల్లంఘనకు జరిమానా 10 వేల నుంచి 25 వేల రూపాయలు. పెద్ద కంపెనీకి అదొక లెక్క కాదు, పీణ్యలో పదిమందితో నడిచే లేత్ వర్క్‌షాపుకు మాత్రం దెబ్బే. సడలింపు అడిగితే ప్రభుత్వం ఇవ్వవచ్చు, అయితే మేనేజ్‌మెంట్‌లో 25, మిగతాచోట 50 శాతానికి తగ్గకూడదు. సడలింపు ఎవరికి దక్కుతుందన్నది ఫైలు పట్టుకుని తిరగగలిగే ఓపిక మీద ఆధారపడుతుంది.

అసలు ఒత్తిడి ఎక్కడినుంచి వస్తోందో 2002లోనే, ప్రాంతాల మధ్య అసమానతలపై వేసిన నంజుండప్ప కమిటీ చూపింది. 175 తాలూకాల్లో 114 వెనకబడినవని, వాటిలో 39 మరీ వెనకబడ్డాయని తేల్చింది. రాష్ట్ర ఉత్పత్తిలో మూడో వంతుకు పైగా ఒక్క బెంగళూరు నగర జిల్లాదే. ఉత్తర కర్ణాటకలోని యాదగిరి కుర్రాడూ, ఇటు కదిరి కుర్రాడూ అదే నగరానికి రైలెక్కుతున్నారు. యాదగిరికి ప్రభుత్వ ఉద్యోగాల్లో వాటా ఇచ్చే 371జె అధికరణ 98వ సవరణతో వచ్చింది, అదీ నిజాం పాలించిన జిల్లాలు ప్రధానంగా ఉన్న ప్రాంతానికే. యాదగిరిలో ఫ్యాక్టరీ తెరిపించడం ఆ అధికరణ వల్ల అయ్యే పని కాదు. కదిరి వైపు మాత్రం 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ మొదలయ్యాక, బెంగళూరు బస్సెక్కే ముందు అడిగి చూడదగ్గ గేటు ఒకటి దొరికింది.