“వణుకే కదా!”: ఒక లెక్క వెనుక కథ

“ఎమ్మారై నార్మల్‌గానే ఉంది. వణుకే కదా పెద్దాయనా, దీనికి పర్సెంటేజీ ఎట్లా వేసేది?”

2025లో సదరం సర్టిఫికెట్ల, అంటే వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే కాగితాల, పునఃపరిశీలన మొదలయ్యాక కందుకూరు వైపు ఒక పాత టైలరుకి క్యాంపు డాక్టరు నుంచి ఎదురైన మాట ఇది. కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నంతసేపూ ఆయనకు ఏ జబ్బూ లేనట్టే ఉంటుంది. టీ గ్లాసు అందుకున్నాడా, మొదలు. కొట్టువాడు అడక్కుండానే సగం గ్లాసే పోస్తాడు. ఆయన దాన్ని రెండు చేతులతో బల్లకేసి అదిమిపట్టి, తలనే గ్లాసు దగ్గరికి వంచి తాగుతాడు. సూదిలో దారం ఎక్కించి పన్నెండేళ్లు దాటింది. బ్యాంకులో సంతకం కలవక వేలిముద్రలోకి దిగాడు. 40 శాతం వైకల్యం ఉందని రాస్తేనే నెలకు 6,000 రూపాయల పింఛను.

ఆయనకున్నది ఎసెన్షియల్ ట్రెమర్. పార్కిన్సన్స్ కాదు. పార్కిన్సన్స్‌లో చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది, దీంట్లో పని చేయబోతే వణుకుతుంది.  ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. చాలాకాలం డాక్టర్లు దీని పేరుకు ముందు ‘బినైన్’ అని తగిలించేవారు, అంటే హాని చేయనిదని. ఆ మాట పుస్తకాల్లోంచి పోయింది గానీ క్యాంపు బల్లల మీది నుంచి ఇంకా పోలేదు.

ఈ వణుకు వెనుక మెదడులో ఏముందో వెతకడంలో పెద్ద మలుపు 2007. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో ఎలాన్ లూయిస్ బృందం ఈ వణుకుతో బతికి చనిపోయిన 33 మంది మెదళ్లను, ఆ జబ్బు లేని 21 మంది మెదళ్లతో పోల్చి చూసింది. 33లో 25 మందికి తేడా చిన్నమెదడులోనే కనిపించింది. అక్కడ పుర్కింజీ కణాలని పెద్ద కణాలు ఒకే వరసలో, నాట్లేసిన మడిలో మొక్కల్లా ఉంటాయి. చిన్నమెదడు పైపొర నుంచి బయటికి వెళ్లే ఆదేశం ఏదైనా వాటి గుండానే పోవాలి. అదీ తోలే ఆదేశం కాదు, ఆపే ఆదేశం. ఒంగోలు ఎడ్లతో బండ లాగించేవాళ్లను అడిగితే పగ్గం విలువ చెబుతారు. ఆ పగ్గాలే పలచబడ్డాయని లెక్క తేలింది. మైక్రోస్కోపు కింద ఒక్కో చూపుకి జబ్బు లేనివారిలో సగటున 9.6 కణాలుంటే, ఈ 25 మందిలో 6.6. మిగిలిన కణాల తోకల్లో, నూలు పోగులో ముడి పడ్డట్టు ఉబ్బులు. వాటికి టార్పెడోలని పేరు. అవి ఎన్నో రెట్లు ఎక్కువ. మిగతా 8 మందిలో మెదడు కాండంలో లూయీ బాడీలనే వేరే రకం మార్పులు కనిపించాయి.

ఈ లెక్కను ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. కెనడాలోని సస్కాచెవాన్‌లో దశాబ్దాలుగా ఇలాంటి మెదళ్లను పరిశీలించిన అలీ రాజ్‌పుత్ బృందం 2012లో, వణుకు ఈ కణాలు పోవడం మీద ఆధారపడి లేదంది. 2014లో అరిజోనా నుంచీ అదే మాట వచ్చింది. వయసు పెరిగితే కణాలు ఎటూ తగ్గుతాయి, ముక్క కోసిన మందాన్ని బట్టి లెక్క మారుతుందన్న అభ్యంతరాలూ ఉన్నాయి. అవి తీసిపారేసేవి కావు. కానీ కణాలు పోయాయా లేదా అన్నదే వాళ్ల తగాదా. ఆ మనిషి గ్లాసు పట్టుకోగలడా అన్నది కాదు. 2016లో కొలంబియా వాళ్లే లెక్కపెట్టే పద్ధతి మార్చి చూసినా లోటు కనిపించింది. 2020లో ఆ కణాల మీదికి పాకే నరపోగులు ఉండాల్సిన హద్దు దాటి అల్లుకుపోతున్నాయని ఇంకో ఆధారం చూపించారు. ఎమ్మారైలో ఇవేవీ కనపడవు. దాంట్లో ఏమీ లేదు కాబట్టి మెదడులో ఏమీ లేదనడం ఏ వైపు వాళ్ల వాదనా కాదు.

కణాల నష్టం మీద తగాదాయే లేని జబ్బులు కూడా ఉన్నాయి. ముంబైలో నోషిర్ వాడియా 1971లో, నడక తూలుతూ కళ్లు మెల్లగా కదిలే కుటుంబాల గురించి రాశాడు. తర్వాత దానికి ఎస్‌సీఏ2 అని పేరొచ్చింది. ఎస్‌సీఏలంటే వంశపారంపర్యంగా వచ్చే చిన్నమెదడు జబ్బులు. ఉత్తరాది కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే ఎస్‌సీఏ12 అయితే మొదట చేతి వణుకుతోనే బయటపడుతుంది. మామూలు వణుకేలే అని పంపేస్తే ఏళ్లు గడిచాక నడక తప్పుతుంది.

ఇక సారా సంగతి. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ గడ్డ ఇది. చెయ్యి వణికితే ఊళ్లో ముందు నోటి వాసన చూస్తారు. మన టైలరు చుక్క ముట్టడు. విడ్డూరమేమిటంటే ఈ వణుకున్న చాలామందికి కాస్త మందు పడితే రెండు మూడు గంటలు చెయ్యి నిలుస్తుంది. ఆ రుచి మరిగి ఏళ్లతరబడి తాగితే, చిన్నమెదడు నడిమి భాగంలో అవే పుర్కింజీ కణాలు నిజంగానే చచ్చిపోతాయి. దూలగొండి గింజల పొడి కూడా ఇస్తుంటారు. దాంట్లో ఉన్న ఎల్-డోపా పార్కిన్సన్స్‌కి పనికొస్తుంది, దీనికి కాదు.

మాత్రలతో తగ్గుతుంది కదా అన్నది క్యాంపు డాక్టర్ల వాదన. ప్రొప్రనొలాల్ పనిచేసేది ఇంచుమించు సగం మందికే, అదీ పూర్తిగా కాదు. ఉబ్బసం ఉన్నవాళ్లకి అసలు ఇవ్వరు. పొగాకు క్యూరింగ్ చేసే బ్యారన్ల దగ్గర పనిచేసినవాళ్లలో ఉబ్బసం ఎందరికుందో టంగుటూరు, కొండపి వైపు వెళ్లి చూడాలి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలున్నాయి. వాటిలో పార్కిన్సన్స్ పేరుంది, ఎసెన్షియల్ ట్రెమర్ పేరు లేదు. అయితే దీర్ఘకాలిక నరాల జబ్బులు అన్న పద్దు ఉంది. అప్పీలు పెట్టేవాళ్లకి దారి అదే. టైలరు ఈసారి ఎమ్మారై ఫిలిం ఇంట్లోనే పెట్టాడు. న్యూరాలజిస్టు గీయించిన బొమ్మల కాగితం తీసుకెళ్తున్నాడు. జంతికలా చుట్లు గీయమంటే కుడిచేతిది రంపం పళ్లలా వచ్చింది, ఎడమచేతిది కాగితం దాటింది. దాని కిందే, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు పోయమంటే ఎన్ని ఒలికాయో డాక్టరు రాసిచ్చాడు.