గ్లాసులో నీళ్లు ఎందుకు కదిలాయి?

లైట్లు ఆర్పేశారు. తెర మీద వాన. ఆగిపోయిన కారు, డ్యాష్‌బోర్డు మీద ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లు. ఎక్కడో దూరంగా ఒక అడుగు పడింది. గ్లాసు మధ్యలో పుట్టిన వలయం అంచుదాకా పాకింది. ఇంకో అడుగు, ఇంకో వలయం. ఆ హాల్లో ఈ సీను చూడనివాళ్లు ఎవరూ ఉండరు. చాలామందికి ప్రతి షాటూ కంఠతా వచ్చు. అయినా ఒక్కరూ కదల్లేదు. నా పక్క సీట్లో ఉన్న పాప వాళ్ల నాన్న చొక్కా అంచును గుప్పిట్లో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

డైనోసార్ సినిమాల అభిమానులంతా ఒకచోట కలిసిన రోజు అది. పొద్దున సినిమా కబుర్లు, మధ్యాహ్నం అందరం కలిసి మ్యూజియంలో డైనోసార్ ఎగ్జిబిషన్. నేను రెండింటికీ ఒకే ఆశతో వెళ్లాను. చిన్నప్పుడు తెర మీద చూసి ఇష్టం పెంచుకున్న జంతువుకీ, మ్యూజియంలో ఇనప కమ్మీల మీద నిలబెట్టిన ఎముకలకీ మధ్య ఎంత దూరముందో, ఒకే రోజు రెండూ చూసి తేల్చుకోవాలని.

అభిమానులంటే వేషాలు వేసుకుని ఫొటోలు దిగేవాళ్లేనని ఎవరైనా అనుకుంటే, పొద్దుటి కబుర్లు వాళ్లు విని ఉండాల్సింది. ‘జురాసిక్ పార్క్’ 1993లో వచ్చింది. రెండు గంటల ఏడు నిమిషాల సినిమాలో డైనోసార్లు కనిపించేది సుమారు 15 నిమిషాలే. అందులోనూ కంప్యూటర్లో పుట్టినవి సగం కంటే తక్కువ. మిగతావన్నీ స్టాన్ విన్‌స్టన్ బృందం తయారుచేసిన యంత్రాలు. వాన సీనులో, టీ రెక్స్ అనే పెద్ద మాంసాహార డైనోసార్ యంత్రానికి తొడిగిన ఫోమ్ చర్మం స్పాంజిలా నీళ్లు పీల్చుకుని బరువెక్కిపోయేది. ఆ బరువుకి యంత్రం వణికేది. షాటుకీ షాటుకీ మధ్య మనుషులు తువ్వాళ్లు పట్టుకుని దాన్ని తుడిచేవారు. గ్లాసులో వలయాల కోసం కింద గిటారు తీగ బిగించి మీటారు. గర్జన సంగతి సరేసరి. సౌండ్ డిజైనర్ గ్యారీ రైడ్‌స్ట్రామ్ ఏనుగు పిల్ల అరుపుని నెమ్మది చేసి, దానికి పులి గొంతూ మొసలి జాతికి చెందిన అలిగేటర్ గొంతూ కలిపి ఆ గర్జన పుట్టించాడు. ఒకరి మాట ఒకరు అందుకుంటూ ఇవన్నీ చెబుతుంటే, తెర మీది బొమ్మ గురించే ఇంత లోతుగా వెతికినవాళ్లు నిజం ఎముక ఎదురైతే ఎలా చూస్తారో అని నాకు ఆత్రం మొదలైంది.

మ్యూజియంలో ముందుగా ఎదురైంది టీ రెక్స్ పుర్రె. అసలు ఎముక కాదు, దాని నుంచి తీసిన అచ్చు. ఈ మాట వినగానే కొందరి మొహాలు చిన్నబోతాయి. పోవక్కర్లేదు. కోట్ల ఏళ్లు భూమిలో ఉండి ఖనిజాలు నిండిన ఎముక రాయంత బరువుంటుంది. 1990లో అమెరికాలోని సౌత్ డకోటాలో సూ హెండ్రిక్సన్ అనే ఆవిడ కనిపెట్టిన టీ రెక్స్‌కి ఆవిడ పేరే పెట్టి ‘సూ’ అంటారు. ఇప్పుడది షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో ఉంది. ఇంతవరకూ దొరికిన టీ రెక్స్‌లలో అత్యంత సంపూర్ణమైన వాటిలో అదొకటి. దాని ఒంటి మీద ఉన్నది కూడా తేలికైన అచ్చు తలే. అసలు పుర్రెని విడిగా అద్దాల పెట్టెలో పెట్టారు. అలా విడిగా ఉండబట్టే శాస్త్రవేత్తలు కావాలన్నప్పుడు దాన్ని దగ్గరగా పరిశీలించగలుగుతున్నారు.

పుర్రెని పక్క నుంచి చూస్తే దవడలూ పళ్లే కనిపిస్తాయి. దాని అసలు విశేషం ఎదురుగా నిలబడితేనే తెలుస్తుంది. నేను పాప ఎత్తుకి వంగి చూశాను. మూతి ముందుకి సన్నబడుతుంది, కళ్ల దగ్గరికొచ్చేసరికి తల ఒక్కసారిగా వెడల్పవుతుంది. దాంతో రెండు కంటి గుంటలూ మూతికి అటూ ఇటూ నుంచి నేరుగా మన వైపే తిరిగి ఉంటాయి. సినిమాలో, కదలకుండా నిలబడితే టీ రెక్స్‌కి కనిపించం అంటారు. ఆ గుంటల ముందు ఒక్క నిమిషం నిలబడితే ఆ ధైర్యం మిగలదు. 2006లో కెంట్ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త డైనోసార్ల తలల నమూనాలు చేయించి, రెండు కళ్ల చూపూ ఒకే చోట కలిసే మేర ఎంతో కొలిచాడు. టీ రెక్స్‌కి అది 55 డిగ్రీలు వచ్చింది. డేగ కంటే ఎక్కువ. ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి, రెండు చూపులు కలవడం వల్ల ఏం ఒరుగుతుందో తెలుస్తుంది. ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉందో కచ్చితంగా అంచనా కట్టగలగడమే ఆ లాభం. పైగా మెదడులో వాసనలు పసిగట్టే భాగం టీ రెక్స్‌కి చాలా పెద్దది. కదలకుండా నిలబడ్డ మనిషి దానికి కనిపిస్తాడు, వాసనకి కూడా దొరికిపోతాడు.

అక్కడి నుంచి కాస్త ముందుకెళ్తే ముట్టుకుని చూడటానికి పెట్టిన బల్ల ఉంది. మామూలుగా మ్యూజియంలో ‘ముట్టుకోరాదు’ అని రాసి ఉంటుంది కదా, ఇక్కడ ‘వేలితో తడిమి చూడండి’ అని ఉంది. సినిమాలో రాప్టర్ అని పిలిచే వెలాసిరాప్టర్ డైనోసార్ ముంజేతి ఎముక అచ్చు, పక్కనే ఒక పెద్ద పక్షి రెక్క ఎముక. పొద్దున్నుంచీ రాప్టర్ వేషంలో తిరుగుతున్న ఒకాయన తలతొడుగు తీసి చంకలో పెట్టుకుని, గ్లవుజు ఊడదీసి, ముందు పక్షి ఎముక మీద వేలు నడిపాడు. దాని మీద వరసగా చిన్న చిన్న బుడిపెలు. పెద్ద ఈకల మొదళ్లు ఎముకకి పట్టుకునే చోట్లవి. తర్వాత రాప్టర్ ఎముక. వేలు మెల్లగా జరిపి, ఆగి, మళ్లీ వెనక్కి తెచ్చాడు. “ఉన్నాయండీ, ఇక్కడ కూడా ఉన్నాయి” అన్నాడు. నేనూ తడిమాను. కంటికి సరిగా ఆనవు కానీ వేలికి తెలుస్తాయి, సమాన దూరాల్లో ఆరు.

ఆ ఆరు బుడిపెలు బయటపడటానికి చాలా ఏళ్లు పట్టింది. వెలాసిరాప్టర్ మొదట దొరికింది 1923లో, మంగోలియాలోని గోబీ ఎడారిలో. మరుసటి ఏడాది హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్‌బర్న్ అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు. ఈకల గుర్తులున్న ముంజేయి గురించి శాస్త్రవేత్తలు ప్రకటించింది 2007లో. అంటే 1993లో సినిమా తీసినవాళ్లకి ఇది తెలిసే అవకాశమే లేదు, వాళ్లని తప్పుపట్టడం న్యాయం కాదు. సైజు విషయం మాత్రం వేరు. నిజం వెలాసిరాప్టర్ తోకతో కలిపి ఆరడుగుల పైచిలుకు ఉంటుంది గానీ, ఎత్తు మన మోకాలు దాటి కాస్త పైకి, బరువు 15 – 20 కిలోలు. తెర మీద మనిషంత ఎత్తున నిలబడి తలుపు తీసింది నిజానికి దాని పెద్ద బంధువు డైనోనికస్‌ని చూసి, ఇంకాస్త పెంచి గీసిన రూపం. విచిత్రం ఏమిటంటే, సినిమా వచ్చిన ఆ 1993లోనే యూటారాప్టర్ అనే కొత్త జాతికి పేరు పెట్టారు. అది సినిమా రాప్టర్ కంటే కూడా పెద్దది.

“నాన్నా, అయితే ఇది బల్లా, పిట్టా?” అని పాప అడిగింది. వాళ్ల నాన్న కాసేపు ఆలోచించి “పిట్టలకి చుట్టమమ్మా” అన్నాడు. అంతకంటే సరైన జవాబు నేను చెప్పలేను. మనం రాక్షసబల్లి అంటున్నది 1842లో రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రవేత్త గ్రీకు మాటలతో కట్టిన పేరుకి దాదాపు సూటి అనువాదం. ఓవెన్ చేతిలో అప్పటికి ఉన్నవి కొన్ని ఎముకలు, పళ్లు. అతను చూసింది బల్లి పోలిక. 1996లో చైనాలో సైనోసారాప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్ ఒంటి చుట్టూ నూగులాంటి ఈకలతో సహా బయటపడ్డాక ఆ పోలిక నిలబడలేదు. 2010 నాటికి ఆ నూగులో మిగిలిన అతి సూక్ష్మమైన రంగు రేణువుల ఆకారాన్ని బట్టి దాని తోక మీద ఇటుకరంగు, తెలుపు చారలు ఉండేవని కూడా చెప్పగలిగారు. తోక రంగు తెలిసిందన్న మాట నాకు ఇప్పటికీ నమ్మశక్యంగా ఉండదు, ఎన్నిసార్లు చదివినా సరే.

తప్పులు సినిమావాళ్లే చేశారని అనుకుంటే మాత్రం పొరపాటు. ఇగ్వానడాన్ అనే డైనోసార్ బొటనవేలి ముల్లుని గిడియన్ మాంటెల్ అనే శాస్త్రవేత్త కొమ్ము అనుకుని ముక్కు మీద పెట్టాడు. 1854లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ తోటలో నిలిపిన విగ్రహానికి ఆ ముక్కు కొమ్ము ఇప్పటికీ ఉంది. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ బొగ్గు గనిలో పూర్తి అస్థిపంజరాలు దొరికాక గానీ అది చేతి వేలిదని తేలలేదు. న్యూయార్క్‌లోని మ్యూజియం 1915లో టీ రెక్స్‌ని నిటారుగా, తోక నేలకి ఆనించి నిలబెట్టింది. ఎన్నో ఏళ్లు పిల్లల బొమ్మలన్నీ అలాగే నిలబడ్డాయి. 1990లలో దాన్ని విప్పి, వెన్నెముకని నేలకి సమాంతరంగా, తోకని గాల్లో ఉంచి మళ్లీ కట్టారు. లండన్‌లో 1905 నుంచి నేల మీద తోక ఈడ్చిన డిప్లొడోకస్ అనే పొడవాటి మెడ డైనోసార్ అచ్చుకి కూడా 1993లో తోక పైకెత్తారు. నేల మీద కాళ్ల జాడలు దొరుకుతున్నాయి గానీ వాటి వెనక తోక గీరిన గీత దాదాపుగా కనబడటం లేదు, అదొక కారణం. నాకు మ్యూజియంలో అన్నిటికంటే నచ్చేది ఇదే. సినిమా ఒకసారి విడుదలయ్యాక అలాగే ఉండిపోతుంది. ఎముకల్ని విప్పి మళ్లీ కట్టొచ్చు.

సినిమాకి న్యాయంగా దక్కాల్సిన మార్కు ఒకటుంది. టీ రెక్స్‌కి ఈకలు తగిలించాలని కొన్నేళ్లు గట్టిగా వాదన నడిచింది. దాని దూరపు బంధువు యూటిరానస్, ముప్పై అడుగుల జంతువు, ఈకలతో దొరికింది మరి. కానీ 2017లో టీ రెక్స్ సొంత చర్మపు ముద్రల్ని పరిశీలిస్తే మెడ, నడుము, తోక భాగాల్లో చిన్న చిన్న పొలుసులే కనిపించాయి. ఇది చెప్పినప్పుడు మా గుంపులో చప్పట్లు పడ్డాయి.

స్ఫటికంలాంటి చెట్టు జిగురులో, అంటే ఆంబర్‌లో చిక్కిన దోమ దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగలేదు. సినిమాలో అలాంటి దోమ తాగిన రక్తంలోని డీఎన్‌ఏతోనే డైనోసార్లని మళ్లీ పుట్టిస్తారు గానీ, నిజానికి డీఎన్‌ఏ అంతకాలం నిలవదు. ఇంతవరకూ చదవగలిగిన అతి పాత డీఎన్‌ఏ గ్రీన్‌లాండ్ మట్టిలోది, సుమారు 20 లక్షల ఏళ్ల నాటిది. పక్షులు కాని డైనోసార్లు అంతరించి 6 కోట్ల 60 లక్షల ఏళ్లయింది. సినిమా చూపించిన డొమినికన్ రిపబ్లిక్ ఆంబర్ వయసు కూడా అందులో మూడో వంతుకి మించదు. కానీ మయన్మార్ నుంచి వచ్చిన ఒక ఆంబర్ ముక్కలో దాదాపు 10 కోట్ల ఏళ్ల నాటి డైనోసార్ తోక ముక్క ఉంది, ఈకలతో సహా. దాని ఫొటో దగ్గర చాలాసేపు ఉండిపోయాం.

చివరి గది చీకటిగా ఉంది. శబ్దాల గది. టీ రెక్స్ గొంతు ఎలా ఉండేదో ఎముకల్లో రాసి ఉండదు, కాబట్టి దాని చుట్టాలని అడగాలి. ఒక వైపు చుట్టాలు పక్షులు. ఈమూ, నిప్పుకోడి, పావురంలాంటివి నోరు మూసుకునే మెడ ఉబ్బించి లోపలి నుంచి గుమ్మని శబ్దం చేస్తాయి. ఇంకో వైపు మొసళ్లు. 2016లో ఒక పరిశోధక బృందం పక్షుల గొంతుల చరిత్రని వెనక్కి తవ్వుకుంటూ వెళ్లి, పెద్ద డైనోసార్లలో కొన్ని ఇలా మూసిన నోటితోనే పలికి ఉండొచ్చని చెప్పింది. అదే నిజమైతే, నోరంతా తెరిచి చేసే ఆ గర్జన ఉండదు. గొంతు పెద్దదయ్యేకొద్దీ శబ్దం లోతుకి దిగుతుంది, ఒక హద్దు దాటాక చెవికి అందదు, ఒంటికి తగులుతుంది.

గోడ మీద ఒక మగ అలిగేటర్ వీడియో ఆడుతోంది. జత కట్టే కాలం. అది తలా తోకా పైకెత్తి, నోరు మూసుకుని, ఒళ్లు బిగించింది. అరుపు ఇంకా రాలేదు. కానీ వీపు మీది నీళ్లు ఒక్కసారిగా వేల చుక్కలై వేయించినట్టు ఎగిరిపడ్డాయి. మన చెవికి అందని ఆ లోతు శబ్దానికే నీళ్లు అలా ఆడతాయి. ఆ తర్వాతే గొంతు వినిపించింది.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. అందరికీ ఒకే గ్లాసు గుర్తొచ్చి ఉంటుంది. సినిమాలో ఆ నీళ్లని కదిపింది అడుగులు. నిజం జంతువు పక్కకొస్తే, అడుగు వేయకుండానే కదిలించి ఉండేదేమో.

నేల మీద ఒక చెక్క పలక ఉంది, ఎక్కి నిలబడితే ఆ లోతు శబ్దం అరికాళ్లకి తెలిసేలా. పాప ఎక్కి, కిందికి చూసుకుని, మళ్లీ దిగింది. వాళ్ల నాన్న దగ్గర నీళ్ల సీసా తీసుకుని, మూతలో కాసిని నీళ్లు పోసి, రెండు చేతులతో జాగ్రత్తగా తెచ్చి పలక మీద పెట్టింది. రాప్టర్ వేషం ఆయన తలతొడుగు పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. మేమంతా చుట్టూ వంగాం. మీట నొక్కారు. ఏమీ వినిపించలేదు. వలయాలు రాలేదు, అవి సినిమాలో గిటారు తీగకి వచ్చినవి. మూతలో నీళ్ల మీద సన్నటి ముడతలు లేచి, అటూ ఇటూ దాటుకుంటూ, మీట వదిలేదాకా వణుకుతూనే ఉన్నాయి.