సరదాకు ఇంగ్లీషులో ఒక్క మాట చాలదు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువగా ఏడిపించినవి టెన్సులూ కావు, ప్రిపొజిషన్లూ కావు, సరదా కబుర్లు. మొన్న మాక్ ఇంటర్వ్యూలో ఒక డిగ్రీ అమ్మాయి లక్నవరం వెళ్లొచ్చిన సంగతి చెప్పింది. వేలాడే వంతెన, పడవ షికారు, చెట్టు కింద కూర్చుని తిన్న పులిహోర, అన్నీ చక్కగా వర్ణించింది. చివర ఆ ట్రిప్పంతా ‘ఫన్నీ’గా సాగిందని ముగించింది.

“ఎవరు జారిపడ్డారమ్మా?” అని అడిగాను.

“ఎవరూ పడలేదు మేడమ్, ఎందుకు?” అంది బిత్తరపోయి.

తప్పు ఆమెది కాదు. తెలుగులో ‘సరదా’ సర్వాంతర్యామి. సరదాకి వెళ్లాం, సరదాగా గడిచింది, సరదా మనిషి. ఎందుకు చేశాం, చేస్తే ఎలా అనిపించింది, ఎలాంటి తీరుతో చేశాం, మూడింటికీ అదే మాట. ఇంగ్లీషు ఈ మూడింటినీ విడదీసి వేర్వేరు విశేషణాలకు పంచింది. మనకు దొర్లే తప్పులు చాలావరకు ఇక్కడివే.

అపోహ: ‘ఫన్’ నామవాచకం, దానికి విశేషణం ‘ఫన్నీ’.

సన్‌కు సన్నీ, రెయిన్‌కు రెయినీ ఉన్నప్పుడు ఫన్‌కు ఫన్నీ ఎందుకు కాదని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ భాష లెక్కల పుస్తకం కాదు. ఫన్నీ అంటే నవ్వు తెప్పించేది, లేదా ఏదో తేడాగా ఉన్నది. ఈ రెండో అర్థంతోనే అసలు ప్రమాదం. ఇంటికొచ్చిన విదేశీ అతిథికి వేడి వేడి సర్వపిండి పెట్టారనుకోండి. రుచి ఫన్నీగా ఉందని అతనన్నాడంటే మెచ్చుకుంటున్నాడని పొంగిపోకండి. పిండి పురుగు పట్టిందేమో, నూనె పాతదేమో చూసుకోండి.

మరి ఆనందంగా గడిచినదాన్ని ఏమనాలి? ఎంజాయబుల్ అనవచ్చు. ఫన్‌నే విశేషణంగా వాడటమూ ఇప్పుడు మామూలే, మాటల్లో ఎవరూ తప్పు పట్టరు. పరీక్ష పేపర్లో మాత్రం ‘వెరీ’ చేర్చకుండా, ‘గ్రేట్’ చేర్చి నామవాచకంగా రాయమంటాను. ఫన్నర్, ఫన్నెస్ట్ జోలికి అసలే వెళ్లవద్దంటాను. అసలు ‘ఫన్’ అనే మాటకు మర్యాద దక్కిందే ఆలస్యంగా. పదిహేడో శతాబ్దం చివర్లో దీని అర్థం మోసగించడం, బురిడీ కొట్టించడం. 1755లో వెలువడిన తన నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ దీన్ని చిల్లర మాట కింద కట్టి పారేశాడు. అలాంటిది ఈరోజు ఎల్‌కేజీ పుస్తకాల అట్టల మీద కూర్చుంది!

అపోహ: ‘రిక్రియేషనల్’ అంటే ఆనందాన్నిచ్చేది.

కాదు. అది ఉద్దేశాన్ని మాత్రమే చెబుతుంది, ఫలితంతో దానికి పని లేదు. ధర్మసాగర్ చెరువు గట్టున ఇద్దరున్నారనుకుందాం. ఒకరు తెల్లవారకముందే వల వేసిన మత్స్యకారుడు. రెండోవారు ఆదివారం కారులో వచ్చి, మడత కుర్చీ వేసుకుని, గాలం వేసిన ఉద్యోగి. చెరువు ఒకటే, చేపా ఒకటే. మొదటిది బతుకుతెరువు కోసం కాబట్టి కమర్షియల్, రెండోది రిక్రియేషనల్. సాయంత్రం దాకా ఒక్క చేపా పడక, దోమలు కుట్టి, ఆ ఉద్యోగి తిట్టుకుంటూ ఇంటికి వెళ్లినా సరే, అతను చేసింది రిక్రియేషనలే. పక్కన వల లాగుతూ మత్స్యకారుడు పాట పాడుకున్నా అతనిది రిక్రియేషనల్ కాదు.

లాటిన్ మూలంలో దీనికి మళ్లీ సృష్టించడం అనే అర్థం ఉంది, అంటే అలసిన మనిషిని మళ్లీ మనిషిని చేయడం. మన ఊళ్లలో ‘రిక్రియేషన్ క్లబ్’ బోర్డు వెనక పేకాట నడిచి ఆ మాటకు ఎలాంటి పేరొచ్చిందో చెప్పనక్కర్లేదు.

ఇదే మాటను కొందరు బతుకమ్మకూ అంటగడతారు. ‘ఆడతాం’ అంటాం కనుక ఆట అనుకుని చేసే పొరపాటు అది. పూజ ఉన్నచోట రిక్రియేషనల్ నిలబడదు, ఫెస్టివ్ కొంత నయం. నన్నడిగితే అక్కడ విశేషణమే వద్దు. పూలు పేర్చారని, చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగారని, తొమ్మిదో రోజు సద్దులు పెట్టి చెరువుకు సాగనంపారని క్రియల్లో చెబితే వినేవాడికి కళ్లకు కడుతుంది.

అపోహ: అమ్యూజ్డ్, అమ్యూజింగ్ ఒకటే.

నవ్వు పుట్టించేది అమ్యూజింగ్, ఆ నవ్వు కలిగిన మనిషి అమ్యూజ్డ్. బోరింగ్, బోర్డ్ కూడా ఇంతే. క్లాసులో విసుగొచ్చిన కుర్రాడు తనను తాను ‘బోరింగ్’ అని చెప్పుకున్నప్పుడల్లా, కాదులే నాయనా, నువ్వు మంచివాడివే అని ఓదార్చాల్సి వస్తుంది.

అపోహ: ‘అమెచ్యూర్’ అంటే పని రానివాడు.

పని రానితనానికి వేరే మాట ఉంది, అమెచ్యూరిష్. అమెచ్యూర్‌కు మూలం ప్రేమించడమనే అర్థమున్న లాటిన్ ధాతువు. డబ్బు కోసం కాక ఇష్టం కొద్దీ చేసేవాడని భావం. గోల్ఫ్ ఆటగాడు బాబీ జోన్స్ పెద్ద టోర్నీలు గెలిచిన రోజుల్లో అమెచ్యూరే, వృత్తి న్యాయవాదం. 1930లో ఒకే ఏడాది ఆనాటి నాలుగు పెద్ద టోర్నీలూ గెలిచాడు. అతన్ని పని రానివాడని ఎవరంటారు?

అపోహ: పెద్ద మాట వేస్తే మార్కులు పెరుగుతాయి.

నిఘంటువులో ‘ప్లేఫుల్’ పక్కన వెతికి ఒకబ్బాయి లేఖలో ‘లుడిక్రస్’ అని రాశాడు. ఒకప్పుడు దానికి ఆటగా, వినోదంగా చేసినది అనే అర్థమే ఉండేది. ఇప్పుడు నవ్వులపాలయ్యేంత అర్థం లేనిదని అర్థం. అతను వర్ణించింది అక్క పెళ్లి విందును. ఆ లేఖ బావగారి చేతిలో పడనందుకు సంతోషించాను.

చివర్లో ‘లీ’ ఉన్నవన్నీ క్రియావిశేషణాలే అనడమూ అపోహే. భద్రకాళి గట్టు మీద తీరిగ్గా నడిచే నడకకు ‘లీజర్లీ’ అచ్చమైన విశేషణం.

ఆ డిగ్రీ అమ్మాయి మర్నాడు మళ్లీ కూర్చుంది. ట్రిప్పు ఎంజాయబుల్ అని సరిగ్గా చెప్పి, కాసేపు ఆగింది. పడవ ఎక్కుతుంటే తమ్ముడి చెప్పు నీళ్లలో పడి తేలిపోయిందట, వాడు తెడ్డుతో దాన్ని పట్టుకోబోయి రెండోదీ పోగొట్టుకున్నాడట.

“అది మాత్రం ఫన్నీ మేడమ్” అంది.