తిరిగే చక్రం, తరిమే కుక్క

వాకిట్లో పడుకున్న కుక్కను ఒక పూట ఓపిగ్గా గమనించండి. దూరంగా ఒక సైకిలు మలుపు తిరుగుతుంది. నాలుక బయటపెట్టి రొప్పుతున్న కుక్క నోరు టక్కున మూసుకుంటుంది. చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఊగుతున్న తోక ఆగిపోతుంది. ఒంటి బరువంతా ముందుకాళ్ల మీదికి వస్తుంది. ఇదంతా రెండు సెకన్ల పని. పరుగు ఆ తర్వాతే. మన కంటికి ఆనేది పరుగు, మొరుగు, సైకిలు మీది మనిషి కంగారు. అప్పుడు మనం కేకలు వేస్తాం. కానీ కుక్కకు ఏదైనా నేర్పగలిగేది నోరు మూసుకున్న ఆ రెండు సెకన్లలోనే. పరుగు మొదలయ్యాక మన మాట దాని చెవికి ఎక్కదు.

చక్రం వెంటే ఎందుకు పడుతుందో ముందు తెలుసుకోవాలి. కుక్కల ప్రవర్తన మీద ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికా జీవశాస్త్రవేత్త రేమండ్ కాపింజర్ వేటను ఒక గొలుసుగా వివరించారు: చూపు నిలపడం, పొంచి అడుగులు వేయడం, తరమడం, పట్టి కొరకడం, చంపడం, చీల్చి తినడం. తోడేలులో ఈ గొలుసు మొత్తం ఉంటుంది. మనిషి తన అవసరానికి కుక్కల్ని ఎంచి పెంచుతూ వచ్చాక ఒక్కో జాతిలో ఒక్కో కొక్కెం బలపడింది, ఒక్కోటి వదులైంది. గొర్రెల్ని మళ్లించే బోర్డర్ కోలీలో చూపు, పొంచడం, తరమడం పెరిగి, కొరికే చోట గొలుసు దాదాపు ఆగిపోతుంది. ఆస్ట్రేలియన్ కేటిల్ డాగ్‌ను పెంచిందే పశువుల మడమల దగ్గర కొరికి అదిలించడానికి. సైకిలు తొక్కే మనిషి పిక్క సరిగ్గా ఆ ఎత్తులో పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది! జాతి ఏదని చెప్పలేని మామూలు కుక్కలోనూ తరిమే కొక్కెం ఎంతో కొంత గట్టిగానే ఉంటుంది.

కన్ను, చెవి కూడా అటే లాగుతాయి. కుక్కకు మనకున్నన్ని రంగులు కనబడవు. కంట్లో రంగుల్ని పట్టే శంకు కణాలు మనలో మూడు రకాలుంటే దానికి రెండే. కానీ మసక వెలుతురును, కదలికను పట్టే కణాలు దండిగా ఉన్నాయి. నిలబెట్టిన సైకిలును పట్టించుకోని కుక్క, కదిలే సైకిలును చూసి ఉలిక్కిపడటం అందుకే. మన చెవి సుమారు 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే కుక్క చెవి దాదాపు 45,000 దాకా వింటుంది. మనకు వినబడని బ్రేకు కీచు, సైకిలు గొలుసు సన్నటి రొద దానికి ముందే చేరతాయి.

అన్ని కుక్కలూ వేట సరదాతోనే వెంటపడవు. చాలా కుక్కల్ని పరిగెత్తించేది భయం. దీన్ని చాలామంది నమ్మరు, అంత గొంతేసుకుని మీదికొచ్చేదానికి భయమేమిటని. ఆ కుక్క లెక్క వేరు. దానికి చక్రమంటే బెరుకు. మొరుగుతూ ఎగబడింది. చక్రం వెళ్లిపోయింది. ఆ మనిషి తన దారిన తాను పోయాడని కుక్కకు తెలియదు కదా. 1898లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లుల్ని గడియ పెట్టిన పెట్టెల్లో ఉంచి చూశారు. ఏ పని చేస్తే తలుపు తెరుచుకుందో ఆ పనినే అవి మళ్లీ మళ్లీ, రోజురోజుకూ తొందరగా చేశాయి. ఫలితం బాగుంటే పని అలవాటవుతుంది. రోజుకు పదిమంది బండ్లమీద వెళితే ఆ కుక్క పదిసార్లు గెలిచినట్టే. ఎవరూ నేర్పకుండానే రోజుకు పది పాఠాలు నేర్చుకుంటోంది.

రెండింటినీ వేరుచేసి చూడటం కొంత సాధ్యమే. వేట సరదా ఉన్న కుక్క తరచూ చప్పుడు లేకుండా దూకుతుంది, సైకిలు ఆగిపోతే దాని ఉత్సాహమూ చప్పబడుతుంది. భయపడే కుక్క ముందుకు ఉరికి వెనక్కి తగ్గుతుంది, వీపు మీది వెంట్రుకలు లేస్తాయి, సైకిలు ఆగినా మొరుగు ఆగదు. రెండూ కలగలిసిన కుక్కలే ఎక్కువ.

అందుకే మొదటి పని నేర్పడం కాదు, ఆ పాఠాలు ఆపడం. గేటు మూయాలి. ఊచల సందుల్లోంచి వీధి కనబడుతుంటే అడ్డం కట్టాలి. బయటికి తీసుకెళితే తాడు చేతిలో ఉండాలి. తొంభై సార్లు ఆపి పదిసార్లు వదిలేస్తే ఏం కాదులే అనుకోవద్దు. ఎప్పుడో ఒకసారి దక్కే గెలుపు, ప్రతిసారీ దక్కే గెలుపు కన్నా అలవాటును గట్టిగా నిలబెడుతుంది. ఇప్పటికే ఒకరిని కరిచిన కుక్కయితే మూతికి చిక్కం తప్పదు. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలైన బుట్టలాంటి చిక్కమే వాడాలి. అందులో తినుబండారం పెట్టి, కుక్క తనంతట తాను మూతి దూర్చేదాకా ఇంట్లోనే అలవాటు చేయాలి.

కొడితే మానదా? కొన్నిసార్లు ఆ క్షణానికి మానుతుంది. కానీ సైకిలు కనబడినప్పుడల్లా మెడకు గుంజు, వీపున దెబ్బ పడితే కుక్క మనసులో ఆ నొప్పి సైకిలుతోనే ముడిపడుతుంది. సైకిలు వస్తే చెడు జరుగుతుందన్న దాని అనుమానాన్ని మనమే రుజువు చేశామన్నమాట. గుర్రుమంటే కొట్టడం మరీ ప్రమాదం. గుర్రు ఒక హెచ్చరిక. హెచ్చరిక మానేసిన కుక్క నేరుగా కరుస్తుంది.

చేయాల్సింది చక్రానికి కుక్క మనసులో ఉన్న అర్థాన్ని మార్చడం. దీని మూలం ఒక పసివాడి కథలో ఉంది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పిల్లవాడి గురించి రాశారు. వాడికి మూడేళ్లు కూడా నిండలేదు. వాడు ఇష్టంగా తింటున్నప్పుడు కుందేలును గదిలో దూరంగా పెట్టి, వాడు బెదరనంత మేరకే కొంచెం కొంచెంగా దగ్గరికి జరిపారు. చివరికి పీటర్ కుందేలును నిమిరాడు. తిండి, దూరం. ఈ రెండే మందులు.

కుక్క విషయంలో దూరాన్ని కొలవడానికి టేపు అక్కర్లేదు. దానికి ప్రాణమైన తినుబండారం ఇవ్వండి. తీసుకోకపోతే, లేదా వేళ్లు కొరికేలా లాక్కుంటే మీరు చక్రానికి మరీ దగ్గరగా ఉన్నారు. వెనక్కి నడవండి. చక్రాన్ని చూసి కూడా మెత్తగా తినగలిగే చోటు దొరికేదాకా నడవండి. అది వంద అడుగులైనా సరే. అక్కడ వరుస తప్పకూడదు: ముందు చక్రం కనబడాలి, వెంటనే తిండి రావాలి. చక్రం మరుగైతే తిండీ ఆగాలి. తిండి ముందు చూపిస్తే పాఠం తలకిందులవుతుంది. చెయ్యి జేబులోకి పోయిందంటే సైకిలు వస్తోందని అర్థం చేసుకుని, కుక్క జేబును చూసే ఉలిక్కిపడుతుంది.

కొన్ని రోజులకు ఒక వింత జరుగుతుంది. చక్రం కనబడుతుంది, కుక్క చూస్తుంది, వెంటనే తల తిప్పి మీ మొహంలోకి చూస్తుంది. ఏదీ నా వంతు, అన్నట్టు. నేను నా కుక్కలో ఇది మొదటిసారి చూసినప్పుడు కళ్లు చెమర్చాయి. ఆ తల తిప్పడం వెనుక మెదడు పని ఉంది. కోతుల మీద మెదడు శాస్త్రవేత్త వోల్‌ఫ్రామ్ షుల్జ్ చేసిన ప్రయోగాల్లో, డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే మెదడు కణాలు మొదట తిండి అందినప్పుడు చురుకయ్యేవి. అలవాటయ్యాక తిండి రాబోతోందని చెప్పే గుర్తుకే చురుకయ్యేవి. 2012లో మెదడు పరిశోధకుడు గ్రెగరీ బర్న్స్ బృందం, మెలకువగానే స్కానరులో కదలకుండా పడుకోవడం నేర్చిన రెండు కుక్కల మెదళ్లను చూసింది. తిండి ఇస్తానని చెప్పే చేతి సైగ కనబడగానే, మనుషుల్లో బహుమతి ఆశకు స్పందించే భాగమే వాటిలోనూ చురుకైంది. మనం చక్రాన్ని అలాంటి సైగగా మారుస్తున్నాం.

ఇక్కడే తొందరపడి నేనొక తప్పు చేశాను. వారం బాగా గడిచిందని ముప్ఫై అడుగుల దూరాన్ని ఒక్కరోజులో పదికి తగ్గించాను. ఒక స్కూటరు పక్కనుంచి జోరుగా పోయింది. తాడు నా అరచేతిని ఒరుసుకుంటూ జారింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ మళ్లీ నలభై అడుగుల నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. దూరం, వేగం, చప్పుడు, బండ్ల సంఖ్య, ఈ నాలుగింటిలో ఒకసారికి ఒక్కటే మార్చాలి. దగ్గరికి జరిగిన రోజు సైకిలు నెమ్మదిగా పోవాలి. తెలిసినవాళ్లను బతిమాలైనా నడిపించుకోవాలి. సైకిలుకు అలవాటుపడిన కుక్క స్కేటు బోర్డుకు, మోటారు బండికి అలవాటుపడినట్టు కాదు, దాని దృష్టిలో అవి వేరు జంతువులు. చక్రాల కుర్చీని మాత్రం ఎవరూ మరిచిపోవద్దు. అందులోని మనిషి దిగి పక్కకు తప్పుకోలేరు.

వేట సరదా ఎక్కువున్న కుక్కకు తిండి ఒక్కటే చాలదు, తరమడమే దానికి పండుగ. కర్రకు తాడు, తాడు చివర బొమ్మ కట్టి తరమనివ్వండి. మధ్యలో ‘ఆగు’ అంటే ఆగినప్పుడే ఆట మళ్లీ సాగాలి. ఎక్కువ ఇష్టమైన పనిని తక్కువ ఇష్టమైన పనికి బహుమతిగా వాడవచ్చని 1959లో మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ ప్రిమాక్ చూపారు. ఆగడం నేర్చుకుంటే పరిగెత్తడం దక్కుతుంది. ఈ పనంతా కుక్కపిల్లగా ఉన్నప్పుడు చాలా తేలిక. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా కొత్త వాటిని బెరుకు లేకుండా ఒప్పుకునే కాలం. అప్పుడు దూరం నుంచి చక్రాలు చూపిస్తే సగం బాధ తప్పుతుంది.

సైకిలు మీద వెళ్లేవారికి ఒక మాట. వీలైతే ఆగి, దిగి, సైకిలును కుక్కకూ మీకూ మధ్య అడ్డం పెట్టండి. కదలిక ఆగితే తరమడానికి ఏమీ మిగలదు. కళ్లలోకి తేరిపార చూడొద్దు. కరిస్తే గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం, అంతకుముందే టీకా వేస్తే ప్రాణం నిలుస్తుంది. కుక్కకు ఏటేటా సమయానికి టీకా వేయించడం పెంచేవారి బాధ్యత.

పాత అలవాటు చెరిగిపోదు, కొత్తదాని కింద అణగి ఉంటుంది. ఆరిపోయిందనుకున్న స్పందన కొంత విరామం తర్వాత దానంతటదే తిరిగి రావడాన్ని రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ తన కుక్కల్లోనే చూశారు. అందుకే జబ్బు చేసో, వానల వల్లో కుక్క పదిరోజులు ఇంట్లోనే ఉండిపోతే, మళ్లీ బయటికి తీసిన మొదటి రోజు జేబు నిండా తినుబండారాలు వేసుకుని, పాత దూరం నుంచే మొదలుపెట్టండి.