సైటోకైన్లు రొమ్ము క్యాన్సర్ కణాల్ని ఆపుతాయంటున్నారు, మరి ఇంజెక్షన్‌గా ఎందుకు ఇవ్వట్లేదు?

2021 సెకండ్ వేవ్‌లో మన విజయవాడలో సైటోకైన్ స్టార్మ్ (రోగనిరోధక శక్తి అదుపుతప్పి మన ఒంటిమీదే పడటం) అనే మాట వినని ఇల్లు లేదు. టోసిలిజుమాబ్ ఎక్కడైనా దొరుకుద్దేమో అని సూర్యారావుపేట మెడికల్ షాపుల నుంచి హైదరాబాద్ దాకా ఫోన్లు చేసి చేసి అలిసిపోయినోళ్లు ఎంతమందో. ఆ ఇంజెక్షన్ చేసే పనల్లా ఇంటర్‌ల్యూకిన్-6 అనే సైటోకైన్ కణాలకి అతుక్కోకుండా అడ్డం పడటమే. అప్పుడు సైటోకైన్ అంటే ప్రాణం తీసేది. ఇప్పుడేమో అవే సైటోకైన్లు రొమ్ము క్యాన్సర్ కణాల్ని పెరగనివ్వవంట అని వాట్సాప్‌లో తిరుగుతోంది, వెనకాలే ఇమ్యూనిటీ పౌడర్ల యాడ్లు కూడా. అయితే మా అమ్మకి కీమో ఎందుకండీ, ఆ ప్రోటీన్లే ఎక్కించొచ్చుగా అని అడిగేవాళ్లున్నారు. ఇది చాలా సరైన ప్రశ్న, సైంటిస్టులు కూడా దీని చుట్టూనే నలభై ఏళ్ల పైగా తిరిగారు, వాళ్లు ఎక్కడెక్కడ ఆగిపోయారో తెలిస్తే గానీ ఇవాళ డాక్టర్ చెప్పేది అర్థం కాదు.

రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోడానికి వదిలే చిన్న ప్రోటీన్లే సైటోకైన్లు. వీటి పేరు కూడా తెలియని రోజుల్లోనే, 1891లో, న్యూయార్క్‌లో విలియం కోలీ అనే సర్జన్ ఒక పని చేశాడు. చర్మానికి గట్టి ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరంతో అల్లాడిన కొందరు పేషెంట్లలో క్యాన్సర్ గడ్డలు కరిగిపోయాయని గమనించి, కావాలనే గడ్డల్లోకి బ్యాక్టీరియాని ఎక్కించాడు, తర్వాత్తర్వాత చంపిన బ్యాక్టీరియా వాడాడు. కొందరికి పనిచేసింది, చాలామందికి చేయలేదు, కారణం ఏంటో ఎవరూ చెప్పలేకపోయారు, ఈలోపు రేడియేషన్ రావడంతో ఇది మూలన పడింది. కారణంలో ఒక ముక్క 1975లో అదే న్యూయార్క్‌లో, మెమోరియల్ స్లోన్ కెటరింగ్ అనే క్యాన్సర్ ఆస్పత్రిలో దొరికింది (మన కృష్ణా జిల్లా మంటాడలో పుట్టిన నోరి దత్తాత్రేయుడు గారు పనిచేసిన చోటే ఇది). లాయిడ్ ఓల్డ్ అనే సైంటిస్టు వాళ్లు ఎలుకలకి ముందు బీసీజీ (టీబీ టీకా) ఇచ్చి ఆపైన ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషం ఇస్తే, వాటి రక్తంలో గడ్డల్ని చచ్చిపోయేట్టు చేసే పదార్థం ఒకటి కనపడింది, దానికే ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు, టీఎన్ఎఫ్ అంటాం, ఇదీ ఒక సైటోకైనే.

ఇంకోవైపు 1957లోనే లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే ఇద్దరు ఇంటర్‌ఫెరాన్ అనే ఇంకో సైటోకైన్‌ని పట్టుకున్నారు. వేడితో చంపిన ఫ్లూ వైరస్‌ని కోడిగుడ్డు పొర ముక్కల మీద పోస్తే, ఆ ముక్కలు ఏదో వదులుతున్నాయి, దానివల్ల తర్వాత బతికున్న వైరస్ పెరగట్లేదు. వైరస్ మందనే అనుకున్నారు గానీ ఇది క్యాన్సర్ కణాల్ని కూడా నెమ్మదింపజేస్తదని తర్వాత తేలింది. తయారీయే పెద్ద కష్టం, ఫిన్లాండ్‌లో కారీ కాంటెల్ దాతలిచ్చిన రక్తంలోంచి తెల్లకణాలు తీసి వాటినుంచి చుక్క చుక్క పోగుచేసేవాడు. 1978లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 20 లక్షల డాలర్లు పెట్టి ఇంటర్‌ఫెరాన్ కొని ట్రయల్స్ చేయించింది, అందులో రొమ్ము క్యాన్సర్ కూడా ఉంది, మొదట్లో కొందరికి గడ్డలు తగ్గాయి, పేపర్లన్నీ ఇక క్యాన్సర్ పనైపోయిందన్నట్టు రాశాయి. 1980లో జీన్ క్లోనింగ్‌తో స్వచ్ఛమైన ఇంటర్‌ఫెరాన్ చేతికొచ్చాక రొమ్ము క్యాన్సర్ మీద మళ్లీ చూస్తే ఫలితం చాలా తక్కువ. 1986లో దానికి ఆమోదం దొరికింది గానీ అది హెయిరీ సెల్ లుకేమియా అనే అరుదైన రక్త క్యాన్సర్‌కి. టీఎన్ఎఫ్ అయితే నరంలోకి ఎక్కిస్తే బీపీ పడిపోయేది, గడ్డకి సరిపడే డోసు మనిషి తట్టుకోలేడు.

మరి ల్యాబ్‌లో కణాలు ఆగుతున్నాయన్నది అబద్ధమా అంటే కాదు, నిజంగానే ఆగుతాయి. ఈ ప్రయోగాల్లో ఎక్కువగా వాడేవి ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలు, 1970లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఒక సన్యాసిని ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీళ్లలోంచి తీసినవి, ఆవిడ ఆ ఏడాదే చనిపోయింది, ఆ కణాలు మాత్రం ఇవాళ్టికీ ప్రపంచమంతా ప్లాస్టిక్ ఫ్లాస్కుల్లో గులాబీ రంగు ద్రవంలో పెరుగుతూనే ఉన్నాయి, ఆవిడకి మనమంతా రుణపడే ఉన్నాం. రెండ్రోజులు తిరక్కుండా రెట్టింపయ్యే ఇలాంటి కణాల మీద ఇంటర్‌ఫెరాన్ గామా (ఇంటర్‌ఫెరాన్‌లలో ఒక రకం) వేస్తే ఏమవుద్దంటే, అది కణం బయటుండి కబురు అందుకునే రిసెప్టర్ అనే ప్రోటీన్‌కి అతుక్కుంటది, లోపల జాక్ అనే ఎంజైములు మేలుకుని స్టాట్1 అనే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తాయి, స్టాట్1 న్యూక్లియస్‌లోకి పోయి పీ21 అనే ఇంకో ప్రోటీన్‌ని తయారుచేయిస్తది, పీ21 రాగానే కణం డీఎన్ఏ కాపీ చేసుకునే దశకి పోకుండా ఆగిపోద్ది. స్టాట్1కీ పీ21కీ ఉన్న ఈ లింకు 1996లో బయటపడింది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, కణం ఆగింది, చావాలని రూలేం లేదు.

టీఎన్ఎఫ్ చావమనే సిగ్నల్ కూడా పంపుద్ది, అదే రిసెప్టర్ నుంచి బతకమనే సిగ్నల్ కూడా వెళ్తది, ఏది గెలుస్తదో కణాన్ని బట్టి ఉంటది. చావడానికి కావాల్సిన కాస్పేస్-3 అనే ఎంజైము ఎంసీఎఫ్-7 కణాల్లో అసలు లేనే లేదని 1998లో తేలింది, అంటే ఏళ్ల తరబడి ఈ కణాల మీద చూసినదంతా అందరి గడ్డలకీ వర్తించదు. టీజీఎఫ్-బీటా అనే ఇంకో సైటోకైన్‌దీ ఇదే గొడవ. రొమ్ము క్యాన్సర్‌కి మనవాళ్లు ఎంతోమంది రోజూ వేసుకునే టామాక్సిఫెన్ లాంటి మందులు ఎంసీఎఫ్-7 కణాల చేత టీజీఎఫ్-బీటాని వదిలించి పెరుగుదల తగ్గిస్తున్నాయని 1987లో చూపించారు, కానీ జబ్బు ముదిరాక అదే టీజీఎఫ్-బీటా కణాలు వేరే చోటికి పాకడానికి సాయపడుద్ది. కోవిడ్‌లో మనం భయపడ్డ ఇంటర్‌ల్యూకిన్-6 కూడా ల్యాబ్‌లో కొన్ని రొమ్ము క్యాన్సర్ కణాల పెరుగుదల తగ్గిస్తది, తగ్గిస్తూనే వాటిని విడిపోయి కదిలేట్టు చేస్తది. అందుకే నాకు ఇమ్యూనిటీ పౌడర్లవాళ్ల మీద నిజంగా కోపం వస్తది, ఏ సైటోకైన్, ఎంత, ఏ దశలో, ఏ రకం కణం మీద అనేది చెప్పకుండా పెంచితే చాలంటే అది మోసమే.

ఇంటర్‌ఫెరాన్ గామాది ఇంకో మెలిక ఉంది. దాని దెబ్బ తగలగానే క్యాన్సర్ కణం పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌ని ఒంటిమీదకి తెచ్చుకుంటది, అది చూసి దాడికొచ్చిన టీ కణం (క్యాన్సర్ కణాల్ని చంపే తెల్లకణం) చల్లబడిపోద్ది. ఇప్పుడొస్తున్న ఇమ్యూనోథెరపీ సైటోకైన్‌ని బయట్నుంచి ఎక్కించడం మానేసి ఈ అడ్డాన్ని తీసేస్తది, అప్పుడు మన టీ కణాలే గడ్డ దగ్గర కావాల్సిన ఇంటర్‌ఫెరాన్ వదులుకుంటాయి. ఈ దారి తెరిచినందుకే 2018లో ఆలిసన్, హోంజో అనే ఇద్దరు సైంటిస్టులకి నోబెల్ వచ్చింది.

మన గుంటూరు, విజయవాడ వాళ్లకి దీనితో పనేంటంటే, బయాప్సీ తర్వాత ఐహెచ్‌సీ (గడ్డ ముక్కలో ఏ ప్రోటీన్లున్నాయో చూసే టెస్టు) రిపోర్ట్ వస్తది కదా, ఈఆర్, పీఆర్, హెర్2, కేఐ-67 అని నాలుగు లైన్లు. ఈఆర్, పీఆర్ అంటే హార్మోన్ రిసెప్టర్లు, హెర్2 అంటే కణాన్ని పెరగమనే ఒక ప్రోటీన్. కేఐ-67 పక్కన ఉండే శాతం ఎన్ని కణాలు పెరిగే పనిలో ఉన్నాయో చెప్పుద్ది. మొదటి మూడూ నెగెటివ్ అయితే ట్రిపుల్ నెగెటివ్, మన దేశంలో చేసిన స్టడీలన్నీ కలిపి చూస్తే దాదాపు 30 శాతం దాకా ఇదే, అమెరికాలో 10-15 శాతమే. ఇమ్యూనోథెరపీ ఇప్పటిదాకా రొమ్ము క్యాన్సర్‌లో గట్టిగా నిలబడింది ఈ రకంలోనే. రిస్క్ ఎక్కువున్న ట్రిపుల్ నెగెటివ్‌కి తొలిదశలోనే కీమోతో కలిపి పెంబ్రోలిజుమాబ్ (పైన చెప్పిన అడ్డాన్ని తీసేసే ఇమ్యూనోథెరపీ మందు) ఇవ్వడానికి 2021లో అమెరికాలో ఆమోదం దొరికింది, అక్కడ పీడీ-ఎల్1 టెస్టుతో సంబంధం లేదు, జబ్బు వేరే చోట్లకి పాకినవాళ్లకైతే ఆ టెస్టు కావాలి. ఖర్చు లక్షల్లో ఉంటది, థైరాయిడ్, లివర్, ఊపిరితిత్తులకి ఇబ్బంది రావొచ్చు, కాబట్టి అందరికీ కుదరదు. కానీ తొలిదశలో ఇది ఆపరేషన్‌కి ముందే మొదలుపెట్టే మందు, ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా అడుగుదాం అనుకుంటే ఆ అవకాశం చేజారిపోద్ది, అందుకని రిపోర్ట్‌లో మూడు నెగెటివ్‌లు కనపడితే ఆపరేషన్ డేట్ తీసుకునే ముందే మెడికల్ ఆంకాలజిస్ట్‌ని (కీమో లాంటి మందులిచ్చే క్యాన్సర్ డాక్టర్) కలిసి, ముందు కీమోనా, దాంతోపాటు ఇమ్యూనో మాకు పనికొస్తదా అని అడగండి.